లారీ జాకీ: కొనేముందు, ఎత్తేటప్పుడు, పాడైనప్పుడు తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ ఆటోనగర్‌లో బండి పని చేయించుకునే ఓనర్లు, గుంటూరు మిర్చి యార్డుకు సరుకు తోలే డ్రైవర్లు, కొత్తగా లైను మీదికి వచ్చిన క్లీనర్లు జాకీ గురించి అడిగేవి దాదాపు ఇవే ప్రశ్నలు. టైర్లను, ఇంజిన్ ఆయిల్‌ను చూసుకున్నంత శ్రద్ధగా జాకీని ఎవరూ చూసుకోరు. దానితో పనిపడేది మాత్రం అర్ధరాత్రి, హైవే అంచున, బండి నిండా లోడు ఉన్నప్పుడు. ఇక్కడ ఎక్కువగా చెప్పింది లారీల్లో ఉండే బాటిల్ జాకీ గురించి. అంటే సీసాలా నిలబడి, హ్యాండిల్ కొడితే లోపలి ఆయిల్ ఒత్తిడితో రాడ్ పైకి లేచే హైడ్రాలిక్ జాకీ. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## కొనేముందు

మాది పది టైర్ల లారీ. ఎన్ని టన్నుల జాకీ తీసుకోవాలి?

20 టన్నులది తీసుకోండి. లెక్క ఇలా ఉంటుంది. జాకీ మీద మొత్తం బండి బరువు పడదు, మీరు ఎత్తే పక్క బరువే పడుతుంది. 2018 జులైలో కేంద్రం పెంచిన పరిమితుల ప్రకారం నాలుగు టైర్ల సింగిల్ యాక్సిల్ (చక్రాలను కలిపే ఇరుసు) 11.5 టన్నులు, వెనుక జంట యాక్సిళ్లు కలిపి 21 టన్నులు మోయవచ్చు. జంటలో ఒక యాక్సిల్ ఒక పక్కకు అయిదు టన్నుల పైచిలుకు వస్తుంది. కానీ అక్కడ కమాన్ కట్టలు (లీఫ్ స్ప్రింగులు) రెండు యాక్సిళ్లనూ కలుపుతాయి కాబట్టి, ఒకదాన్ని లేపుతుంటే పక్కదాని బరువు కూడా కొంత జాకీ మీదికే వస్తుంది. రోడ్డు వాలుగా ఉంటే లోడు ఒక వైపుకు ఒరుగుతుంది. పది టన్నుల జాకీ ఆ బరువును ఎత్తినా దాని హద్దు అంచున పనిచేస్తుంది, లోపల ఆయిల్‌ను ఆపే రబ్బరు వాషర్లు, అంటే సీల్స్, త్వరగా పోతాయి. ఆరు టైర్ల బండికి పది టన్నులది సరిపోతుంది. చిన్న పికప్‌కు మూడు నుంచి అయిదు టన్నులది చాలు.

జాకీ కొన్నాం. తీరా పంక్చర్ పడ్డాక యాక్సిల్ కింద దూరట్లేదు. ఏం చూసి కొనాలి?

టన్నులతో పాటు జాకీ కనీస ఎత్తు కూడా చూడాలి. గాలి ఉన్న టైరుతో కొలిస్తే మోసపోతారు. ముందు టైరులో గాలి పోయిందంటే యాక్సిల్ చాలా కిందికి దిగుతుంది. గాలి తీసేసిన టైరుతో యాక్సిల్‌కూ నేలకూ మధ్య ఎంత ఉందో టేపుతో కొలవండి. అందులోంచి జాకీ కింద పెట్టే చెక్క మందం తీసేయండి. అంతకంటే పొట్టి జాకీ కావాలి. టన్నులు పెరిగేకొద్దీ జాకీ పొడవు కూడా పెరుగుతుందని గుర్తుంచుకోండి.

పాత ఇనుము కొట్లో సగం ధరకే జాకీ ఇస్తానంటున్నాడు. తీసుకోవచ్చా?

అక్కడే పరీక్ష చేయనిస్తే చూడొచ్చు, చేయనివ్వకపోతే వద్దు. రాడ్‌ను పూర్తిగా పైకి లేపించి, శుభ్రంగా తుడిచి, గోటితో పైనుంచి కిందికి రాయండి. గోరు తగిలేంత గీత గానీ, తుప్పు గుంట గానీ ఉంటే ఆ జాకీ మీకు పనికిరాదు. కొత్త సీల్ వేసినా ఆ గీత మళ్లీ కోసేస్తుంది. అడుగు ప్లేటు దగ్గర పగులు, వెల్డింగ్ అతుకు కనిపిస్తే ఇక బేరమే ఆడొద్దు. పైన కొత్త రంగు మెరుస్తుంటే లోపలి సంగతి గురించి ఇంకాస్త అనుమానించాలి.

స్క్రూ జాకీ మంచిదా, హైడ్రాలిక్ మంచిదా?

స్క్రూ జాకీలో మర వాలు తక్కువ. చేయి వదిలేసినా బరువు దానంతట అది దిగదు. సీల్స్ లేవు, ఆయిల్ లేదు, శుభ్రం చేసి గ్రీజు పెడితే ఏళ్లు పనిచేస్తుంది. కానీ లోడు బండిని దానితో లేపాలంటే చాలా కష్టం. లారీకి హైడ్రాలిక్, చిన్న బండికి స్క్రూ అన్నది నా మాట.

## బండి ఎత్తేటప్పుడు

హ్యాండ్ బ్రేక్ వేశాను, గేరులోనూ పెట్టాను. చక్రాలకు దిమ్మలు ఎందుకు?

ఒక వెనుక చక్రం గాలిలోకి లేవగానే గేరు పట్టు పోతుంది. ఇంజిన్ శక్తిని వెనుక చక్రాలకు అందించే ప్రొపెల్లర్ షాఫ్ట్ కదలకుండా ఉన్నా, రెండు చక్రాలను వేర్వేరుగా తిరగనిచ్చే డిఫరెన్షియల్ వల్ల నేలమీద ఉన్న చక్రం ఒక వైపుకు, గాలిలోని చక్రం ఇంకో వైపుకు తిరగగలవు. అంటే బండి దొర్లగలదు. హ్యాండ్ బ్రేక్ ఆ షాఫ్ట్‌నే పట్టే రకం పాత బండ్లలోనూ ఇదే జరుగుతుంది. ఎయిర్ బ్రేకు బండిలో స్ప్రింగ్ బ్రేకు చక్రాల దగ్గరే పట్టుకుంటుంది కాబట్టి కొంత నయం. అప్పుడు కూడా నేలమీద ఉన్న చక్రాలకు ముందూ వెనుకా దిమ్మలు పెట్టాల్సిందే. రోడ్డు పక్కన దొరికిన గుండ్రటి రాళ్లు చక్రంతో పాటే దొర్లుతాయి. ఏటవాలుగా కోసిన రెండు చెక్క దిమ్మలు ఎప్పుడూ బండిలో ఉండాలి.

జాకీ ఎక్కడ ఆనించాలి?

యాక్సిల్ కింద, చక్రానికి దగ్గరగా, కమాన్ కట్టల యు-బోల్టుల పక్కన చదునుగా ఉన్న చోట. మధ్యలో గుండ్రంగా ఉండే డిఫరెన్షియల్ హౌసింగ్ కింద పెడితే తల జారుతుంది, పల్చటి కవర్ దెబ్బతింటుంది. ఛాసిస్ కింద పెట్టి టైరు లేపాలని చూస్తే ముందు కమాన్ కట్టలు సాగుతాయి, జాకీ చివరి దాకా లేచినా టైరు నేలనే ఉంటుంది. జాకీ పైన మరతో ఉండే తలను ముందే తిప్పి యాక్సిల్‌కు దాదాపు తగిలేలా చేసుకుంటే, రాడ్ తక్కువ లేస్తే చాలు. చక్రం నట్లు మాత్రం టైరు నేలమీద ఉండగానే వీల్ పానాతో వదులు చేసుకోండి. బండి లేచాక బలంగా లాగితే జాకీ పక్కకు ఒరుగుతుంది.

మట్టి అంచులో జాకీ నేలలోకి దిగబడిపోతోంది. ఏం చేయాలి?

గుంటూరు చుట్టుపక్కల నల్లరేగడి వాన పడితే మెత్తబడిపోతుంది, అందులో జాకీ అడుగు ఒక పక్కకు కూరుకుపోతుంది. ఎండాకాలం మధ్యాహ్నం మెత్తబడిన తారు మీద కూడా ఇదే పరిస్థితి. వెడల్పాటి గట్టి చెక్క కావాలి. అడుగున్నర పొడవు, అడుగు వెడల్పు, రెండంగుళాల మందం ఉన్న పలక అయితే బాగుంటుంది. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు వాడొద్దు. బరువు పడగానే అవి ఒక్కసారిగా పగులుతాయి. జాకీ కొంచెమైనా వంకరగా లేస్తున్నట్టు కనిపిస్తే ఆపి, దించి, మళ్లీ సర్దండి. వంకరగానే లేపుతూ పోతే రాడ్ పక్కకు రుద్దుకుని గీతలు పడతాయి. మనిషికి జరిగే ప్రమాదం సరేసరి.

అయిదు నిమిషాల పని. కింద స్టాండ్ పెట్టడం అవసరమా?

అవసరం. జాకీ ఉన్నది ఎత్తడానికి, ఎత్తినదాన్ని పట్టుకుని ఉండడానికి కాదు. రాడ్ కింద ఉన్న ఆయిల్‌ను ఆపుతున్నది ఒక చిన్న ఉక్కు గుండు, కొన్ని రబ్బరు వాషర్లు. గుండు కింద ఇసుక రేణువు ఇరుక్కున్నా, సీల్ అంచు చిరిగినా, పొరపాటున ఎవరి కాలైనా హ్యాండిల్‌కు తగిలినా బండి దిగుతుంది. మెల్లగా దిగుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

యాక్సిల్ కింద ఇనుప స్టాండ్ పెట్టి, బండి బరువును కాస్త దాని మీదికి వదలండి. స్టాండ్ లేకపోతే గట్టి చెక్క దిమ్మలను అడ్డంగా నిలువుగా పేర్చండి. టైరు విప్పగానే దాన్ని ఛాసిస్ కింద పడుకోబెడితే జాకీ జారినా కొంత ఖాళీ మిగులుతుంది. అయితే అది స్టాండ్‌కు అదనం మాత్రమే. బ్రేక్ డ్రమ్ చూడడానికి, కింద నట్టు బిగించడానికి ఒక్క జాకీని నమ్మి తల లోపలికి పెట్టొద్దు. క్లీనర్ కుర్రాడిని పెట్టమని అసలు చెప్పొద్దు.

టిప్పర్ బాడీ లేపి కింద పని చేసుకోవచ్చా? అదీ జాకీయేగా?

బాడీకి సపోర్ట్ రాడ్ పెట్టకుండా వద్దు. టిప్పర్ బాడీని లేపేదీ హైడ్రాలిక్ జాకీయే. హోసు పగిలితే, లోపల ఎవరైనా లివర్ కదిపితే బాడీ మొత్తం ఛాసిస్ మీద పడుతుంది. ఖాళీ బాడీ అయినా మనిషి ప్రాణం తీయడానికి ఆ బరువు చాలు. బాడీ ఖాళీ చేయండి, సపోర్ట్ పెట్టండి, ఇంజిన్ ఆపి తాళం మీ జేబులో వేసుకోండి. ఆ తర్వాతే పని.

హ్యాండిల్ బరువుగా ఉంది. పైపు తొడిగి కొట్టొచ్చా?

కొట్టొద్దు. కంపెనీ ఇచ్చిన హ్యాండిల్ పొడవుతో లేవట్లేదంటే జాకీ మీద హద్దుకు మించిన బరువు ఉందని అర్థం. లేదా తల ఎక్కడో ఇరుక్కుంది. పైపు తొడిగితే ఆయిల్‌ను తోసే చిన్న ప్లంజర్ వంగుతుంది, లింకు పిన్ను విరుగుతుంది. మిర్చి టిక్కీలు (బస్తాలు), పత్తి బేళ్లు ఎత్తుగా పేర్చిన బండి అయితే కొంత సరుకు దించుకోవడమే మంచిది. బరువు పైన ఉన్న బండి ఒక పక్క లేచేకొద్దీ రెండో పక్కకు ఇంకా ఎక్కువ ఒరుగుతుంది.

## బండిలో ఉంచేటప్పుడు

సీటు కింద చోటు లేదు. జాకీని పడుకోబెట్టి ఉంచితే ఏమవుతుంది?

ఆయిల్ పోసే రంధ్రానికి ఉండే ఫిల్లర్ ప్లగ్ దగ్గర ఆయిల్ కారుతుంది, దాని బదులు గాలి పంపులోకి చేరుతుంది. అవసరం పడిన రోజు ఎంత కొట్టినా మెత్తగా ఉండి లేవదు. నిలబెట్టి ఉంచండి. దొర్లకుండా బెల్టుతోనో, గొలుసుతోనో కట్టండి. రాడ్ పూర్తిగా కిందికి దిగి ఉండాలి. బయట ఉన్న రాడ్‌కు దుమ్ము, చెమ్మ పడతాయి. ఆ దుమ్మే దిగేటప్పుడు సీల్‌లోకి వెళ్తుంది. ఒక పాత గుడ్డ సంచి తొడిగితే చాలు.

జాకీలో ఏ ఆయిల్ పోయాలి? బ్రేక్ ఆయిల్ పోస్తే పర్లేదంటున్నారు.

పోయొద్దు. జాకీలను పాడుచేసే పనుల్లో ఇదే మొదటిది. బ్రేక్ ఆయిల్ గ్లైకాల్‌తో తయారవుతుంది. జాకీ సీల్స్‌కు వాడే నైట్రైల్ రబ్బరు పెట్రోలియం ఆయిల్‌ను తట్టుకునేలా చేసింది. గ్లైకాల్ తగిలితే ఆ రబ్బరు ఉబ్బి, మెత్తబడి, చివరికి చిరుగుతుంది. పైగా బ్రేక్ ఆయిల్ గాలిలోని చెమ్మను పీల్చుకుంటుంది, దానితో లోపల తుప్పు మొదలవుతుంది.

పోయవలసింది హైడ్రాలిక్ జాక్ ఆయిల్. అది దొరక్కపోతే 32 గ్రేడు హైడ్రాలిక్ ఆయిల్ తీసుకోండి. ఆటోనగర్‌లో ఏ ఆయిల్ కొట్లో అడిగినా ఇస్తారు. కొత్త ఇంజిన్ ఆయిల్ చిక్కగా ఉంటుంది, దారిలో గత్యంతరం లేనప్పుడు పని గడుపుతుంది. ఆ తర్వాత మార్చేయండి. ఇంజిన్‌లోంచి తీసిన నల్ల ఆయిల్ మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. అందులోని మసి, ఇనుప రజను వాల్వు గుండు కిందే చేరతాయి.

ఆయిల్ ఎంత వరకు పోయాలి?

జాకీని చదును నేలమీద నిలబెట్టండి. రాడ్‌ను దించడానికి తిప్పే రిలీజ్ వాల్వు వదులు చేసి రాడ్‌ను పూర్తిగా దించండి. పక్కనున్న రబ్బరు ప్లగ్ తీస్తే, ఆ రంధ్రం కింది అంచు వరకు ఆయిల్ ఉండాలి. రాడ్ పైకి ఉన్నప్పుడు నింపితే, దిగేటప్పుడు వెనక్కి వచ్చే ఆయిల్‌కు చోటుండదు. ప్లగ్‌ను తోసుకుని బయటికి చిమ్ముతుంది. ప్లగ్ తీసేముందు చుట్టూ శుభ్రంగా తుడవడం మరవొద్దు.

ఎన్నాళ్లకోసారి ఆయిల్ మార్చాలి? దసరాకు పసుపు, కుంకుమ పెడతాం, దానివల్ల ఏమైనా పాడవుతుందా?

ఏడాదికోసారి మార్చండి. దుమ్ములో, బూడిద లోడ్లలో తిరిగే బండి అయితే ఆరు నెలలకే మార్చండి. ఆయుధపూజకు ఎలాగూ పనిముట్లన్నీ బయటపెట్టి కడిగి తుడుస్తారు. ఆయిల్ మార్చడానికి ఆ రోజునే గుర్తు పెట్టుకుంటే ఏ ఏడూ తప్పిపోదు. పసుపు, కుంకుమ జాకీ ఒంటికి పెట్టండి, మెరిసే రాడ్‌కు మాత్రం వద్దు. ఆ పొడి సీల్ అంచులో చేరి రాపిడి పెడుతుంది.

మాది చేపల బండి. జాకీ ఎప్పుడూ తుప్పు పడుతోంది.

కైకలూరు, భీమవరం వైపు నుంచి ఐసుతో వెళ్లే బండ్లలో కింద ఎప్పుడూ నీళ్లు కారుతుంటాయి. రొయ్యల లోడైతే అందులో ఉప్పు కూడా ఉంటుంది. జాకీని టూల్ బాక్సు అడుగున వదిలేయకుండా పైఅరలో గానీ, క్యాబిన్‌లో గానీ పెట్టండి. వాడిన ప్రతిసారీ మంచినీళ్లలో తడిపిన గుడ్డతో తుడిచి, ఆరాక రాడ్ మీద పల్చగా హైడ్రాలిక్ ఆయిల్ రాయండి. తుప్పు మచ్చ పడ్డ రాడ్‌ను గరుకు కాగితంతో రుద్దొద్దు. పైనున్న క్రోమ్ పూత పోతే ఆ తర్వాత తుప్పును ఆపడం ఎవరి తరం కాదు.

## పాడైనప్పుడు

ఎత్తాక మెల్లగా దిగిపోతోంది. సీల్ పోయినట్టేనా?

ప్రతిసారీ కాదు. ముందు రాడ్ చుట్టూ, పంపు చుట్టూ తడి ఉందేమో చూడండి. బయటికి ఆయిల్ కారుతుంటే సీల్ పోయినట్టే. బయట పొడిగా ఉండి కూడా దిగుతుంటే చాలావరకు లోపల రిలీజ్ వాల్వు సరిగా మూసుకోవట్లేదనే అర్థం. చాలాసార్లు కారణం గుండు కింద చెత్త. బండి దించేసి, ఖాళీ జాకీలో పాత ఆయిల్ తీసి, కొత్తది పోసి, వాల్వు తెరిచి నాలుగైదు సార్లు కొట్టి ఆ ఆయిల్ కూడా పారబోయండి. మళ్లీ కొత్తది నింపి చూడండి. అప్పటికీ దిగుతుంటే గుండు కూర్చునే చోటు అరిగి ఉండొచ్చు, అది మెకానిక్ పని. మే నెల ఎండల్లో ఆయిల్ పల్చబడి ఈ లోపం ఇంకా ఎక్కువగా బయటపడుతుంది. వానాకాలంలో బాగానే ఉందిగా అని సరిపెట్టుకోవద్దు.

హ్యాండిల్ కొడుతుంటే మెత్తగా ఆడుతోంది, రాడ్ లేవట్లేదు.

లోపల గాలి చేరింది. బండి మీద లోడు లేకుండా, జాకీని విడిగా నిలబెట్టి ఈ పని చేయండి. రిలీజ్ వాల్వు ఒక చుట్టు వదులు చేసి, ఫిల్లర్ ప్లగ్ తీసి, హ్యాండిల్‌ను పూర్తి పొడవునా పది పదిహేను సార్లు గబగబా కొట్టండి. వాల్వు మూసి రాడ్‌ను చివరి దాకా లేపండి, వాల్వు తెరిచి చేత్తో నొక్కి దించండి. ఇలా రెండు మూడు సార్లు చేశాక ఆయిల్ మట్టం చూసి ప్లగ్ పెట్టండి. వాల్వును రెండు చుట్ల కంటే ఎక్కువ విప్పొద్దు, గుండు బయటపడి పోతుంది.

సగం దాకా లేచి ఆగిపోతోంది.

ఆయిల్ తక్కువైంది. రాడ్ కింద నింపడానికి ట్యాంకులో ఆయిల్ మిగల్లేదు. నింపితే సరిపోతుంది. కానీ ఆ ఆయిల్ ఎటు పోయిందో కూడా వెతకండి.

పక్కనున్న చిన్న స్క్రూ బిగిస్తే ఎక్కువ బరువు లేపుతుందట, నిజమేనా?

అది ఓవర్‌లోడ్ వాల్వు. హద్దు దాటిన బరువు పడితే ఆయిల్‌ను వెనక్కి వదిలేసి జాకీని కాపాడుతుంది. బిగిస్తే ఆ కాపుదల పోతుంది. సీల్ ఊడడం, రాడ్ వంగడం, సిలిండర్ పగలడం, వీటిలో ఏదైనా జరగొచ్చు, అదీ మీరు పక్కన నిలబడి ఉన్నప్పుడు. ఎవరైనా తిప్పిన జాకీ మీ చేతికి వస్తే, ప్రెషర్ గేజి ఉన్న రిపేరు షాపులో మళ్లీ సెట్ చేయించేదాకా వాడొద్దు.

వరద నీళ్లలో మునిగిన జాకీ మళ్లీ పనిచేస్తుందా?

2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడలో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ వైపు రోజుల తరబడి నీళ్లు నిలిచినప్పుడు బండ్లతో పాటు వాటిలోని పనిముట్లు కూడా మునిగాయి. ఇలాంటి జాకీని పైపైన తుడిచి వాడొద్దు. ఆయిల్ తీసి చూడండి. పాలు కలిపినట్టు తెల్లగా ఉంటే లోపలికి నీళ్లు వెళ్లాయి. వెంటనే విప్పించి, కడిగించి, ఆరబెట్టి, సీల్స్ మార్పించండి. నెలలు గడిచాక అయితే సిలిండర్ లోపలి గోడకు తుప్పు గుంటలు పడి ఉంటాయి, ఇక దాని మీద డబ్బు పెట్టడం దండగ.

సీల్ కిట్ వేయించాలా, కొత్తది కొనాలా?

రాడ్, సిలిండర్ గీతలు లేకుండా ఉంటే సీల్ కిట్ వేయించండి, మంచి జాకీ మళ్లీ ఏళ్లపాటు పనిచేస్తుంది. కిట్ అదే మోడల్‌ది కావాలి. దాదాపు సరిపోయింది కదా అని వేసిన ఓ-రింగ్ ఎక్కువ రోజులు ఆగదు. రాడ్ వంగినా, అడుగు పగిలినా వెల్డింగ్, లేత్ పనులకు పోకుండా కొత్తది కొనండి. రిపేరు చేయించి తెచ్చిన జాకీతో షాపు దగ్గరే ఒక బండి లేపి, కింద స్టాండ్ ఉంచి, పది నిమిషాలు ఆగి ఎత్తు కొలవండి. కొలత మారితే వెనక్కి ఇచ్చేయండి.

## కాళ్ల జాకీలున్న బండ్లు

ఫుడ్ ట్రక్కుకు నాలుగు మూలలా కాళ్లు పెట్టించాం. టైర్లు కూడా లేపేయొచ్చా?

ఆ కాళ్లు బండి ఊగకుండా ఉండడానికి పెట్టినవి, మొత్తం బరువు మోయడానికి కాదు. బరువు టైర్ల మీదే ఉంచి, కాళ్లు నేలకు గట్టిగా ఆనేదాకా మాత్రమే దించండి. కింద చెక్క పలకలు పెట్టండి. పొద్దున బండి కదిపేముందు నాలుగూ ఎత్తారో లేదో చుట్టూ తిరిగి చూసుకోండి.

మా అబ్బాయి అమెరికాలో పికప్ మీద క్యాంపర్ పెట్టుకున్నాడు. దాని నాలుగు జాకీలు ఒక్కోసారి ఒక్కోలా లేస్తున్నాయట. ఏం చూసుకోమనాలి?

అక్కడి క్యాంపర్ ఒక చిన్న గదిలాంటిది. మూలల్లో ఉన్న నాలుగు జాకీలు దాన్ని పైకి లేపితే, పికప్‌ను కింద నుంచి ముందుకు నడిపి బయటికి తీస్తారు. ఎక్కువ వాటిలో మర, దాన్ని తిప్పే మోటారో చేతి హ్యాండిలో ఉంటాయి. ఒక జాకీ వెనకబడితే బరువంతా ఎదురెదురు మూలల్లోని రెండు కాళ్ల మీద పడుతుంది, గేర్లు అరగడానికి, కాలు వంగడానికి అదే కారణం. అందుకని కొంచెం కొంచెంగా, నాలుగూ సమానంగా లేపమనండి. ముందు భాగం వెనుక కంటే రవ్వంత ఎత్తుగా ఉంచుకోవాలి.

ఒక మోటారు ఎప్పుడూ నెమ్మదిగా తిరుగుతుంటే ముందు బ్యాటరీ ఛార్జి, ఆ జాకీ వైరు కనెక్షన్లలో తుప్పు చూడాలి. అవి బాగుంటే మర ఎండిపోయి ఉంటుంది. పాత జిడ్డు తుడిచి, ఆ కంపెనీ చెప్పిన గ్రీజే పెట్టాలి. అక్కడ చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీళ్లు కాళ్ల గొట్టాల్లోకి చేరి తుప్పు పట్టిస్తాయి కాబట్టి, చలికాలం ప్రయాణాల తర్వాత మంచినీళ్లతో కడగాలి. కరెంటు పోయినా చేత్తో తిప్పే హ్యాండిల్ ఎక్కడుందో, ఎలా తగిలించాలో ఇంటి దగ్గరే ఒకసారి తిప్పి చూసుకోమనండి. క్యాంపర్‌ను విడిగా ఉంచే రోజుల్లో దాన్ని వీలైనంత కిందికి దించి, అడుగున గట్టి దిమ్మలు పెట్టాలి. ఎత్తు మీద వదిలేస్తే గాలికి ఊగుతుంది, ఆ ఊపు నేరుగా కాళ్ల బ్రాకెట్ల మీద పడుతుంది. పిల్లల్ని దాని కిందికి వెళ్లనివ్వొద్దని కూడా చెప్పండి.